సీఆర్‌పీ ఎక్కువొచ్చిందా? షుగర్, బీపీ ఉన్నవాళ్ళు ఆ రిపోర్టుతో ఏం చేయాలి

మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో ఇప్పుడు షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌తో పాటు సీఆర్‌పీ, ఈఎస్ఆర్ (రెండూ ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉందేమో చెప్పే రక్తపరీక్షలు), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ చెప్పేది) కూడా కలిపేస్తున్నారు. డాక్టర్ రాయకపోయినా, మనం అడగకపోయినా అవి రిపోర్టులో వచ్చి కూర్చుంటాయి. డాలస్‌లోనో సిడ్నీలోనో ఉన్న కొడుకు యాప్‌లో ప్యాకేజీ బుక్ చేస్తాడు, ల్యాబ్ అబ్బాయి పొద్దున్నే ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్తాడు, సాయంత్రానికి వాట్సాప్‌లో పీడీఎఫ్ దిగుతుంది. అందులో ఒక అంకె లావుపాటి అక్షరాల్లో, పక్కనే ‘హై’ అని. అప్పటికే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వేసుకుంటున్న మనిషికి ఇంకో కొత్త జబ్బు వచ్చిందేమోనని టెన్షన్ మొదలవుతుంది.

అలాంటి రిపోర్టు చేతికొచ్చినప్పుడు ఏ వరసలో ఏం చూసుకోవాలో, ఏం మాత్రం చేయకూడదో చెబుతాను. వైద్యం మీరే చేసేసుకోమని కాదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేలోపు సగం వెతుకులాట ఇంట్లోనే అయిపోతుంది, అందుకు.

సీఆర్‌పీ అనేది మన కాలేయం తయారుచేసే ఒక ప్రోటీన్. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుక్కున్నారు. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ (గాయానికో, క్రిములకో ఒళ్ళు తిరగబడినప్పుడు లోపల వచ్చే వాపు, మంట) ఉన్నా కాలేయానికి కబురందుతుంది, కొన్ని గంటల్లోనే ఇది పెరుగుతుంది, రెండు రోజులకు పతాక స్థాయికి చేరుతుంది. కారణం పోతే అంతే త్వరగా దిగుతుంది, సుమారు 19 గంటలకు సగం చొప్పున. వీధిలో కుక్క అరిస్తే ఎవరో వచ్చారని తెలుస్తుంది గానీ దొంగో చుట్టమో తలుపు తీసి మనమే చూసుకోవాలి కదా. సీఆర్‌పీ కూడా అంతవరకే చెబుతుంది.

షుగర్, బీపీ ఉన్నవాళ్ళలో ఇది కొద్దిగా ఎక్కువగా ఉండటం మామూలే. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరే కొవ్వు ఊరికే ఉండదు. ఇన్‌ఫ్లమేషన్ పెంచే రసాయనాలను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. అవి ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి, రక్తనాళాల లోపలి పొరను బిరుసెక్కిస్తాయి. అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మహిళలను ఏళ్ళ తరబడి గమనించిన ఉమెన్స్ హెల్త్ స్టడీలో, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్నవారికే తర్వాతి కాలంలో షుగర్ ఎక్కువగా వచ్చిందని 2001లో, బీపీ కూడా ఎక్కువగానే వచ్చిందని 2003లో తేలింది. అలాగని సీఆర్‌పీయే నేరస్థుడు అనుకోకండి. పుట్టుకతో, జన్యువుల వల్ల సీఆర్‌పీ ఎక్కువగా ఉండేవాళ్ళకు గుండెజబ్బులేమీ ఎక్కువగా రావడం లేదని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాబట్టి మనం ఈ అంకెను కిందికి దించే ప్రయత్నం చేయం. అంకె వెనక ఏముందో వెతుకుతాం.

ముందు పరీక్ష పేరు, యూనిట్టు చూడండి

రిపోర్టులో ‘సీఆర్‌పీ’ అని ఉందా, ‘హెచ్ఎస్ సీఆర్‌పీ’ అని ఉందా? రెండూ కొలిచేది ఒకే ప్రోటీన్‌ని. మామూలు పరీక్ష పెద్ద అంకెలకు పనికొస్తుంది. జ్వరం, ఇన్‌ఫెక్షన్ లాంటివి చూడటానికి డాక్టర్లు రాసేది ఇదే. హెచ్ఎస్ పరీక్ష చిన్న చిన్న తేడాలను కూడా పట్టుకుంటుంది. గుండెజబ్బు ముప్పు అంచనాకు వాడేది అది. మామూలు పరీక్షలో ‘5 కంటే తక్కువ’ అని వస్తే నాలుగున్నర ఉందో అర ఉందో తెలియదు. ఆ రిపోర్టు చూసి గుండె ముప్పు గురించి ఏమీ చెప్పలేం.

తర్వాత యూనిట్టు. కొన్ని ల్యాబులు లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని, మరికొన్ని డెసీలీటరుకు ఇన్ని అని ఇస్తాయి. రెంటికీ పదింతల తేడా. ఒక ల్యాబ్‌లో 0.8 ఎంజీ/డీఎల్ వచ్చింది, ఆర్నెల్లకు ఇంకో ల్యాబ్‌లో 8 ఎంజీ/ఎల్ వచ్చిందనుకోండి. రెండూ ఒకటే. కానీ ఇంట్లోవాళ్ళు పక్కపక్కన పెట్టి చూసుకుని పదిరెట్లు పెరిగిపోయిందని హడలిపోతారు. డీఎల్ అని ఉంటే పదితో గుణించి ఎల్‌లోకి మార్చి రాసుకోండి. ఇక నుంచి ఒకే ల్యాబ్‌లో చేయించుకోండి. నేను కింద ఇచ్చే సీఆర్‌పీ అంకెలన్నీ లీటరు లెక్కలోనే.

రక్తం ఇచ్చిన వారంలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి

జలుబు చేసిందా? పంటి నొప్పి వచ్చిందా? పన్ను పీకించుకున్నారా? టీకా వేయించుకున్నారా? కాలు బెణికిందా? రోజూ నడవని మనిషి ఏడుకొండలూ మెట్లదారిన ఎక్కి వచ్చి మర్నాడే రక్తం ఇచ్చారా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సీఆర్‌పీ పెరుగుతుంది. ఆ రిపోర్టును గుండె ముప్పు లెక్కకు వాడకూడదు. ఒంట్లో పూర్తిగా కుదుటపడ్డాక రెండు మూడు వారాలు ఆగి మళ్ళీ చేయించుకోవాలి. నోటి ద్వారా ఈస్ట్రోజన్ హార్మోన్ మాత్రలు వాడే మహిళల్లో కూడా ఇది ఎక్కువగా ఉంటుంది. ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి.

పరగడుపున ఇవ్వాలా అని చాలామంది అడుగుతారు. సీఆర్‌పీకి అక్కర్లేదు, టిఫిన్ తిన్నాక ఇచ్చినా పెద్ద తేడా రాదు. దాంతోపాటు ఫాస్టింగ్ షుగర్ కూడా ఉంటుంది కాబట్టి ఎలాగూ పరగడుపునే వెళ్తాం.

అంకె ఎక్కడ పడింది?

హెచ్ఎస్ సీఆర్‌పీకి 2003లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కలిసి గీసిన గీతలనే ఇప్పటికీ ఎక్కువమంది వాడుతున్నారు. 1 కంటే తక్కువైతే ముప్పు తక్కువ, 1 నుంచి 3 దాకా మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే మాత్రం అది గుండె లెక్క కాదు, ఎక్కడో ఇన్‌ఫెక్షనో మరొకటో ఉందేమో చూడమని అర్థం. ఒక్కసారి చేసిన పరీక్షను నమ్ముకోకుండా రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి సగటు తీసుకోమని వాళ్ళే చెప్పారు. ఈ మాట మన ల్యాబ్ రిపోర్టుల అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది గానీ ఎవరూ చదవరు.

షుగర్, బీపీ, కాస్త పొట్ట ఉన్న యాభై అరవై ఏళ్ళ మనిషికి 3కీ 10కీ మధ్య రావడం చాలా మామూలు. అలా వచ్చిందని రాత్రికి రాత్రి ఆసుపత్రికి పరిగెత్తాల్సిన పని లేదు. కానీ మళ్ళీ చేయించినప్పుడు కూడా అక్కడే ఉంటే, తర్వాత చెప్పబోయే వెతుకులాట తప్పదు. 100 దాటితే మాత్రం బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌నే మొదట అనుమానిస్తారు. ఆ రోజే డాక్టర్‌ని కలవాలి.

కాళ్ళ నుంచి మొదలుపెట్టి వెతకండి

నా మటుకు నాకు మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన పని ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

పాదాలతో మొదలుపెట్టండి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకు అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోతుంది. మేకు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. ఎండాకాలం గుళ్ళో చెప్పులు బయట విడిచి కాలే బండల మీద ప్రదక్షిణ చేసి వస్తారు. నొప్పి తెలియదు కాబట్టి బొబ్బలు లేచిన సంగతి రెండు రోజులకు చీము పట్టాక గానీ చూసుకోరు. రాత్రి పడుకునే ముందు మంచం మీద కూర్చుని ఫోన్ టార్చ్ వేసి చూడండి. వేళ్ళ సందుల్లో తెల్లగా నానినట్టు ఉందా, మడమ పగుళ్ళలో ఎర్రగా ఉందా, ఆణికాయ చుట్టూ నల్లబడిందా, ఒక పాదం రెండోదానికంటే వెచ్చగా ఉందా. అరికాలు కనపడకపోతే నేల మీద అద్దం పెట్టి దాని మీదుగా పాదం ఉంచండి, లేదా మనవడితో ఫోటో తీయించుకోండి. పుండు గనక ఉండి ఈఎస్ఆర్ 70 దాటి ఉంటే ఎముక దాకా ఇన్‌ఫెక్షన్ పాకిందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు, ఎక్స్‌రే తీయిస్తారు. అలాంటి పుండుకు ఇంట్లో పసుపు పెట్టి కట్టు కట్టి కూర్చుంటే కాలి వేలు పోగొట్టుకోవాల్సి రావచ్చు.

తర్వాత నోరు. బ్రష్ చేసి ఉమ్మితే రక్తం పడుతోందా? పళ్ళ మొదట్లో గార కట్టిందా? ముందు పళ్ళ మధ్య సందులు పెరుగుతున్నాయా, పన్ను కదులుతోందా? చిగుళ్ళ జబ్బు నొప్పి పెట్టకుండా ఏళ్ళ తరబడి లోపల చీము నడుపుతూనే ఉంటుంది. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగర్ లొంగదు. చిగుళ్ళ జబ్బుకు సరిగా వైద్యం చేయించుకున్న షుగర్ పేషెంట్లలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) సుమారు 0.4 తగ్గిందని, అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2022లో తేల్చింది. కొన్ని షుగర్ మాత్రలు ఇచ్చే ఫలితానికి ఇది మరీ దూరమేమీ కాదు. పళ్ళు క్లీన్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని మన దగ్గర ఒక భయం ఉంది. వదులయ్యేది క్లీనింగ్ వల్ల కాదు. అప్పటికే ఎముక తరిగిపోయి, గార పట్టుకుని నిలబడ్డ పన్ను గార పోగానే కదిలినట్టు తెలుస్తుంది. ఆ స్థితికి రాకముందే వెళ్ళాలి.

మూత్రం సంగతి. మంట, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, వణుకుతో జ్వరం, నడుము పక్కన నొప్పి ఉంటే సీయూఈ అనే మూత్ర పరీక్ష, అవసరమైతే కల్చర్ (ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష) చేయిస్తారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే షుగర్ మూత్రంలోంచి పోతుంది కాబట్టి ఆ భాగంలో దురద, ఎర్రదనం, తెల్లటి పూత వచ్చే అవకాశం ఉంది. ఆడవాళ్ళయినా మగవాళ్ళయినా ఇది డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గుపడతారు. నెలల తరబడి మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు పూసుకుంటూ గడిపేస్తారు. చెప్పేస్తే చాలా తేలిగ్గా తగ్గిపోయే బాధ ఇది.

దగ్గును తేలిగ్గా తీసుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్ళకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడటం, ఆకలి లేకపోవడం, డైటింగ్ చేయకుండానే బరువు తగ్గడం, వీటితో పాటు ఈఎస్ఆర్ బాగా ఎక్కువ ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు రెండూ ఉచితం. షుగర్ వల్లే చిక్కిపోతున్నానని సరిపెట్టుకుని ఆలస్యం చేసేవాళ్ళు ఎక్కువ.

కీళ్ళు. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోయి గంటసేపటికి గానీ సడలకపోతే, వేళ్ళ కణుపులు ఉబ్బి ఉంటే అది అరుగుదల నొప్పి కాకపోవచ్చు. ఆ మాట అలాగే, ‘గంటసేపు బిగుసుకుపోతాయి’ అని చెప్పండి. ‘కీళ్ళనొప్పులండీ’ అంటే డాక్టర్‌కి సగమే తెలుస్తుంది.

చివరగా టేపు. బొడ్డు మట్టంలో, ఊపిరి మామూలుగా వదిలాక నడుము కొలవండి. మన దేశంలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్ట కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. పైన చెప్పినవేవీ లేకుండా సీఆర్‌పీ 4, 5 దగ్గర కదలకుండా ఉందంటే చాలామందిలో జవాబు ఈ టేపు మీదే ఉంటుంది. బీడీ, సిగరెట్, చుట్ట అలవాటుంటే దానికి ఇంకొంచెం కలుపుకోండి.

మందుల సంచి బల్ల మీద బోర్లించండి

రిపోర్టులో ఇన్‌ఫ్లమేషన్ అని చదివారు. గూగుల్‌లో వెతికితే వాపు, మంట అని వచ్చింది. మందుల షాపుకెళ్ళి ‘వాపు తగ్గడానికి ఏమైనా ఇవ్వండి’ అన్నారు. చేతిలో డైక్లోఫెనాకో, ఎసిక్లోఫెనాకో, ఐబూప్రోఫెనో పడింది. షుగర్, బీపీ ఉన్న మనిషికి ఇంతకంటే చెడ్డ మలుపు లేదు.

ఈ నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పును, నీటిని నిలవబెడతాయి. బీపీ పెరుగుతుంది, కాళ్ళ వాపులు వస్తాయి, అంతవరకు సరిగా పనిచేస్తున్న బీపీ మాత్ర పనిచేయడం మానేసినట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం కిడ్నీలకి. టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్ర ఒకటి, నీరు పోయేందుకు ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడో క్లోర్‌థాలిడోనో ఇంకొకటి వేసుకుంటూ, వీటి మీద నొప్పి మాత్ర చేరిస్తే మూడూ కలిసి కిడ్నీకి రక్త ప్రసరణను దెబ్బతీస్తాయి. మన బీపీ మాత్రల్లో ఆ రెండు మందులూ ఒకే బిళ్ళలో కలిపి వచ్చేవి చాలా ఉన్నాయి. కాబట్టి మీరు వేసుకునేది ఒక్క మాత్రే అనుకున్నా అందులో రెండు ఉండొచ్చు. అట్ట వెనక చదవండి. ఎండాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు ఈ కలయిక మరీ ప్రమాదం. నొప్పి భరించలేకపోతే అప్పటికి పారాసిటమాల్ వేసుకోవచ్చు. అది కూడా రోజూ పూటపూటా వేసుకుంటే బీపీని పెంచుతుంది.

రెండో సంగతి స్టెరాయిడ్లు. మోకాళ్ళ నొప్పులకు ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటే సాయంత్రానికి లేడిపిల్లలా తిరుగుతారు. పేరులేని పొడి, రంగు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన బిళ్ళలు కూడా అంతే. వాటిలో డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసోలోన్ లాంటివి కలిసే అవకాశం ఉంది. అవి వాడుతుంటే సీఆర్‌పీ చక్కగా తగ్గుతుంది, రిపోర్టు చూసి సంతోషపడతాం. అదే సమయంలో షుగర్ మూడు వందలు దాటుతుంది, బీపీ పెరుగుతుంది, లోపలున్న ఇన్‌ఫెక్షన్ చల్లగా పాకిపోతుంది. ఏళ్ళ తరబడి ఇలాంటివి వాడుతున్నట్టు అనుమానం ఉంటే ఠక్కున ఆపేయకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికే పడుకుని ఉంటుంది, ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. ఆ పొట్లం డాక్టర్‌కి చూపించి, వాళ్ళు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

ఇక పసుపు. కూరలో పసుపు, పాలల్లో పసుపు నిక్షేపంగా వాడుకోండి. పసుపులో పనిచేసే పదార్థం కర్కుమిన్ దాని బరువులో సుమారు 3 శాతమే. అంటే మూడు గ్రాముల చెంచాడు పసుపులో 90 మిల్లీగ్రాములు. అధ్యయనాల్లో రోజుకు 500, 1000 మిల్లీగ్రాముల మోతాదులు ఇస్తారు, అందులోనూ ఒంటికి పట్టేది తక్కువ. అందుకని మిరియాల సారం కలిపిన క్యాప్సూల్స్ అమ్ముతున్నారు. అలాంటివి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు రక్తస్రావం భయం కూడా ఉంది. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం అదేపనిగా తాగి కాలేయం పాడైన కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆకు అయినా, వేరు అయినా వాడుతున్నారంటే మందుల జాబితాలో రాయండి. డాక్టర్ తిడతారని దాచొద్దు. కాలేయం పరీక్షలో ఎస్‌జీపీటీ ఎందుకు పెరిగిందో తెలియక వాళ్ళు ఇంకో నాలుగు పరీక్షలు రాస్తారు.

యాంటీబయాటిక్ కూడా అంతే. సీఆర్‌పీ ఎక్కువ ఉందని అజిత్రోమైసిన్ మూడు బిళ్ళలు మింగడం వల్ల ఎక్కడ ఇన్‌ఫెక్షన్ ఉందో కనుక్కోవడం కష్టమవడం తప్ప లాభం లేదు.

పక్కనున్న మిగతా అంకెలు

ఈఎస్ఆర్ పాతకాలపు పరీక్ష. సన్నటి గొట్టంలో రక్తం నిలబెట్టి గంటసేపట్లో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. వయసుతో పాటు పెరుగుతుంది. మగవాళ్ళకు వయసులో సగం, ఆడవాళ్ళకు వయసుకు పది కలిపి అందులో సగం దాకా ఫర్వాలేదని ఒక మోటు లెక్క. అరవై ఏళ్ళ ఆవిడకు 35 వచ్చినా గాభరా అక్కర్లేదు. రక్తం తక్కువున్నా, కిడ్నీ జబ్బున్నా ఇది పెరుగుతుంది కాబట్టి హిమోగ్లోబిన్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది) చూడకుండా ఈఎస్ఆర్ ఒక్కదాన్నే చదవకూడదు. పైగా ఇది నెమ్మది మనిషి. జ్వరం తగ్గి వారాలైనా దిగదు.

ఫెరిటిన్ ఒంట్లో ఐరన్ నిల్వ చెబుతుందని అందరికీ తెలుసు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా, ఫ్యాటీ లివర్ ఉన్నా అది పెరుగుతుందని తక్కువమందికి తెలుసు. దీనివల్ల రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. ఎక్కువొచ్చిందని ఒంట్లో ఇనుము పేరుకుపోయిందని భయపడటం ఒకటి. రెండోది ఎవరూ పట్టించుకోనిది: హిమోగ్లోబిన్ 9 ఉన్న ఆవిడకు ఫెరిటిన్ 50 వస్తే నార్మల్ అని పక్కన పెట్టేస్తారు. ఇన్‌ఫ్లమేషన్ ఉన్న పెద్దవాళ్ళలో 70 కంటే తక్కువున్నా ఐరన్ లోపంగానే చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు.

సీబీపీ అనే రక్తకణాల పరీక్షలో న్యూట్రోఫిల్స్‌ని లింఫోసైట్స్‌తో (రెండూ తెల్లకణాల రకాలే) భాగించి ఆ నిష్పత్తి చూసుకోమని యూట్యూబ్‌లో చెబుతున్నారు. 62ని 28తో భాగిస్తే 2.2. చాలామందికి ఒకటికీ మూడుకీ మధ్య ఉంటుంది. జలుబు చేసినా, స్టెరాయిడ్ వాడినా మారిపోతుంది, ఇంత దాటితే ఇది అని ఒప్పుకున్న గీత ఏదీ లేదు. నేనైతే దానికోసం నిద్ర పాడుచేసుకోను.

డాక్టర్ దగ్గర ఏం అడగాలి

ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకుని వెళ్ళండి: ఈ అంకె, పాత రిపోర్టుల్లో ఉంటే పాత అంకెలు, కాళ్ళు, నోరు, మూత్రం, దగ్గు, కీళ్ళలో మీకు కనిపించినవి, సంచిలో దొరికిన మందులన్నీ. తర్వాత ఇలా అడగండి: ‘ఈ సీఆర్‌పీ చూసి నా మందుల్లో ఏమైనా మారుస్తారా సార్?’

ఎక్కువమందికి మార్చరు. షుగర్ ఉండి నలభై దాటినవాళ్ళకు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ఎలాగూ ఇస్తారు, దానికి సీఆర్‌పీ అవసరం లేదు. స్టాటిన్ వాడితే సీఆర్‌పీ కూడా తగ్గుతుంది. 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనంలో రోసువాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు వాడినవారిలో 37 శాతం తగ్గింది. ఆ అధ్యయనంలో షుగర్ ఉన్నవాళ్ళను చేర్చుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మీకు నలభై దాటి, షుగర్ ఉండి, ఇంకా స్టాటిన్ రాయలేదంటే అడగాల్సిన అసలు ప్రశ్న అదే. ఏళ్ళ క్రితం రాసినా ‘కొలెస్ట్రాల్ నార్మల్‌కి వచ్చింది కదా’ అని మీరే ఆపేసి ఉంటే ఆ మాట కూడా చెప్పండి.

నేరుగా ఇన్‌ఫ్లమేషన్ మీదే పనిచేసే మందులు లేవా అంటే ప్రయత్నాలు జరిగాయి. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 పైన ఉన్న పదివేల మందికి కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్‌తో చేసిన కాంటోస్ అధ్యయనం 2017లో వెలువడింది. గుండెపోటు, పక్షవాతం లాంటివి సుమారు 15 శాతం తగ్గాయి గానీ, ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. గుండెజబ్బుకు దానికి అమెరికాలో అనుమతి రాలేదు. గౌట్ అనే కీళ్ళ జబ్బుకు వాడే పాత మందు కాల్చిసిన్‌ను గుండెజబ్బు ఉన్నవాళ్ళకు చిన్న మోతాదులో వాడటానికి అక్కడ 2023లో అనుమతి వచ్చింది, ఆ తర్వాత జరిగిన పెద్ద అధ్యయనంలో మాత్రం లాభం కనపడలేదు. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు ఆ మందు విషమవుతుంది. సొంతంగా కొనుక్కునే రకం కాదు.

సీఆర్‌పీకి పెట్టే డబ్బుతో ఇంకో పరీక్ష చేయించుకోగలిగితే నేను మూత్రంలో ఎంత ప్రోటీన్ పోతోందో చెప్పే ఆల్బుమిన్–క్రియాటినిన్ నిష్పత్తి చేయించుకోమంటాను. 30 దాటి, మళ్ళీ చూసినా అలాగే ఉంటే కిడ్నీ మీద ఒత్తిడి మొదలైనట్టే. దాన్నిబట్టి మందులు నిజంగా మారతాయి. ఏడాదికోసారి కంటి వెనక పొర పరీక్ష కూడా చాలామంది ఎగ్గొట్టేదే.

అంకె వెనక ఉన్నదాన్ని తగ్గించడం

బరువు ఒక్కో కిలో తగ్గితే సీఆర్‌పీ సగటున 0.13 తగ్గుతుందని పలు అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. అయిదు కిలోలకు 0.65. చూడటానికి చిన్నదే, కానీ దాంతోపాటు షుగర్, బీపీ కూడా దిగుతాయి. అన్నం పళ్ళెంలో అన్నం సగానికి తగ్గించి ఆ ఖాళీలో పప్పు, ఆకుకూర, కూర పెంచండి. కొర్రలు, జొన్నలు తింటే మంచిదే, కానీ కొర్ర అన్నం కదా అని రెండింతలు వడ్డించుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, పచ్చళ్ళు బీపీ ఉన్నవాళ్ళకు పండగ రోజు రుచి చూసే సరుకులు కావాలి. భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుంది. రాత్రి గట్టిగా గురకపెట్టి, పగలు కూర్చున్నచోటే కునికే మనిషికి నిద్రలో శ్వాస ఆగే జబ్బు ఉందేమో చూపించాలి. అది ఉంటే ఎన్ని మాత్రలు వేసినా బీపీ మొండికేస్తుంది.

మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీతో పాటు, డాక్టర్ కావాలంటేనే సీఆర్‌పీ మళ్ళీ చేయించండి. నెలనెలా చేయించడం దండగ.

వాయిదా వేయకూడనివి

కాలి పుండు నల్లబడటం, చెడు వాసన, ఎర్రదనం పైకి పాకడం. చలితో వణికే జ్వరం. ఆయాసం, గుండెల్లో బరువు. మగతగా ఉండి మాట తడబడటం. వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతో అన్నం తినలేకపోతున్నా ఇన్సులిన్ వాడేవాళ్ళు దాన్ని సొంతంగా మానేయకూడదు. షుగర్ నాలుగు గంటలకోసారి చూసుకుంటూ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. వాంతులు, విరేచనాలు ఉంటే మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు, నీరు పోయే మాత్ర ఆ రెండు మూడు రోజులూ ఆపాలా అని ఆ ఫోన్‌లోనే అడగండి. ఈ ప్రశ్నకు జవాబు ఒంట్లో బాగున్నప్పుడే డాక్టర్ చేత చీటీ మీద రాయించుకుని మందుల డబ్బా మూతకు అతికించుకుంటే ఇంకా మంచిది.